ఒక్క వాక్యం ఎక్కువ

ఆ ఎండాకాలం నేను ముఖం కూడా చూడని పాతికమంది దగ్గర చదువుకున్నాను. ఒకాయన పోలండ్‌లో ఉంటాడు. ఒకామె నైరోబీలో ఏదో బ్యాంకు కంప్యూటర్లను చూసుకుంటుంది. ఇంకొకతను తనది ఏ దేశమో ఎవరికీ చెప్పడు గానీ, ప్రపంచంలో ఎక్కడ ఏ కంపెనీ డేటా పోయినా అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. సైబర్ సెక్యూరిటీ నేర్చుకోవాలంటే ముందు వీళ్లు ఆన్‌లైన్‌లో రాసేవి చదవమని కాలేజీ సీనియర్ ఒకామె నాకు ఈ పేర్ల జాబితా పంపింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. అమీర్‌పేటలో కోర్సు చేయాలంటే మా బొంతపల్లి నుంచి పోను రాను బస్సుల్లోనే సగం రోజు పోతుంది. అందుకని ఫోనూ, పాత లాప్‌టాప్, ఒక లావుపాటి నోటుబుక్కూ పెట్టుకుని ఇంట్లోనే మొదలుపెట్టాను.

మొదటి నెల ఏమీ అర్థం కాలేదు. వాళ్లు ఒకరితో ఒకరు వాదించుకుంటుంటే, తెలియని వాళ్ల పెళ్లికి పోయినట్టు ఒక మూలన నిలబడి వినేదాన్ని. తెలియని మాట వచ్చినప్పుడల్లా నోటుబుక్కులో రాసుకుని, దాని అర్థం ఇంకెక్కడో వెతుక్కునేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి అందరి ముందూ అడిగాను, పోర్టు అంటే ఏమిటని. ఎవరో నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకామె మాత్రం ఓపిగ్గా జవాబు రాసింది.

ఆమె పేరు ఉండాల్సిన చోట రస్టీ కెటిల్ అని ఉంటుంది. ముఖం ఉండాల్సిన చోట తుప్పు పట్టిన కెటిల్ బొమ్మ. ఎన్నో ఏళ్లు ఏదో ఊరి మంచినీళ్ల ప్లాంటులో పనిచేసి, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంప్యూటర్లకు భద్రత ఎలాగో నేర్పుతోంది. ఆమె ఇంగ్లీషులో రాసిన దాన్ని నేను నా నోటుబుక్కులో తెలుగులో ఇలా రాసుకున్నాను. "ఇంటికి తలుపుల్లాంటివే కంప్యూటర్‌కు పోర్టులు. ఏ తలుపు తెరిచి ఉందో చూడడం మన పని. ఇంటివాళ్లకు చెప్పడం మన బాధ్యత. లోపలికి అడుగు పెట్టామో, మనమూ దొంగలమే."

మా నాయిన బాలరాజ్ బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. పొద్దున షిఫ్టయితే రెండింటికి దిగి, కంపెనీ బస్సులో మూడింటికల్లా ఇంటికొచ్చేవాడు. కాళ్లు కడుక్కుని, కూలర్ ముందు కూర్చుని, కంచం ముందుకు లాక్కుంటూ అడిగేవాడు.

"ఏం బిడ్డా, మీ కెట్లి టీచరమ్మ ఇయ్యాల ఏం చెప్పింది?"

నేను చెప్పేదాన్ని. యంత్రాలకు ఆజ్ఞలిచ్చే పెట్టెల గురించి కెటిల్ రాసింది నేను చదివితే, ఆ పెట్టె ఎట్లా ఉంటుందో, దాని లోపల ఎన్ని వైర్లు ఉంటాయో, వానాకాలం దాంట్లోకి బల్లులు దూరితే ఏమవుతుందో నాయిన చెప్పేవాడు. ఆయన చదివింది ఐటీఐ. నేను పుస్తకంలో చూసింది ఆయన చేత్తో పట్టుకుని చూశాడు. నాకు తెలియకుండానే ఆ జాబితాలో ఇరవై ఆరో మనిషి మా నాయిన అయ్యాడు.

"మా దగ్గర రెండొందల నాలుగు అని ఒక రియాక్టర్ ఉన్నది, మందు ఉడికే పెద్ద గంగాళం. మేము ముసల్ది అంటం దాన్ని," అని ఒకరోజు చెప్పాడు. "చల్లనీళ్ల వాల్వు పట్టేస్తది. వేడి ఎక్కుతుంటే నేనే పోయి స్పానర్‌తోని రెండు దెబ్బలేస్త. అప్పుడు తెరుసుకుంటది, లేకుంటే పేలుతది."

"మార్చమని చెప్పలేదా?"

"చెప్పిన. చెప్పుకుంటనే ఉన్న. వచ్చే షట్‌డౌన్ల చూద్దమంటరు."

అమ్మ మిషను మీద జాకెట్టు కుడుతూ కాలు ఆపి, "తండ్రీబిడ్డలకు ఇంట్ల గూడ గా కంపెనీ ముచ్చటేనా?" అనేది.

మార్చి చివర్లో కెటిల్ ఒక పాఠం రాసింది. ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న యంత్రాలన్నింటినీ వెతికి చూపించే సైట్లు ఉంటాయని, చాలా ఫ్యాక్టరీలు తెలియకుండానే తమ కంట్రోల్ తెరలను బయటికి కనిపించేలా వదిలేస్తాయని. చూడడం వరకే, ముట్టుకోవద్దని మూడుసార్లు రాసింది. నేను ఊరికే మా చుట్టుపక్కల వెతికాను. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం. మొదట ఎవరివో గేటు కెమెరాలు వచ్చాయి. తర్వాత ఒక తెర వచ్చింది. పాస్‌వర్డ్ అడగలేదు. బూడిదరంగు మీద వరుసగా గుండ్రటి బొమ్మలు, ఒక్కోదాని కింద వేడి ఎంతో చూపే అంకె. నాలుగో బొమ్మ మీద ఆర్-204 అని ఉంది.

ఆ రోజు నాయినకు రెండో షిఫ్టు. ఇంట్లో అన్నం తింటున్నాడు. నేను లాప్‌టాప్ తీసుకుపోయి కంచం పక్కన పెట్టాను. ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"గిది నీకెట్లొచ్చింది?"

"నాకే కాదు నాయినా, ఎవరికైనా వస్తది."

ఆయన ఎడమ చేత్తో ఫోను తీసి కంట్రోల్ రూం ల్యాండ్‌లైన్‌కు చేశాడు. అప్పుడు పొద్దున షిఫ్టులో ఉన్నది శ్రీశైలం కాక. నాయినతో ఒకే ఏడు కంపెనీలో చేరినవాడు.

"శ్రీశైలం, ముసల్ది ఎంత చూపిస్తుందిరా?"

"అరవై రెండు. ఎందుకన్నా?"

మా వంటింట్లో తెర మీద కూడా అరవై రెండే ఉంది. మేం చూస్తుండగానే అరవై మూడయింది. ఫోనులో శ్రీశైలం కాక, "ఇప్పుడు అరవై మూడైంది," అన్నాడు.

నాయిన ఫోను పెట్టేసి, "గీడికెళ్లి బటన్ వత్తితే ఆడ వాల్వు బంద్ అయితదా?" అని అడిగాడు.

"అయితదేమో. నేనైతే వత్తను."

"నువ్వు వత్తవు బిడ్డా. నాకెరుక. వత్తెటోడు ఎవడన్న ఉంటడు గదా."

ఆ తెర ఎందుకు తెరిచి ఉందో ఆయనకే తెలుసు. బయటి కాంట్రాక్టరు ఒకాయన, తన ఆఫీసులో కూర్చునే రిపేరు చేసుకోవడానికి ఒకప్పుడు పెట్టుకున్న దారి అది. పని అయ్యాక మూయడం మరిచిపోయాడు. నేను కెటిల్‌కు రాశాను, పేరు చెప్పకుండా. వెంటనే జవాబు వచ్చింది. కంపెనీ పేరు తనకు కూడా చెప్పొద్దని, ముందు వాళ్లకే రాయమని రాసింది. "బయటి నుంచి నీ కళ్లకు కనిపించింది మాత్రమే రాయి. నీకు తెలిసిందంతా రాయకు."

నాయిన ఒప్పుకోలేదు. "కాయితాలు ఎందుకు? నేను పోయి కామరాజు సార్‌కు చెప్త. మనోళ్లే గదా. జెర ఆగు."

ఆగాను. ప్లాంటు మేనేజర్ కామరాజుకు ఆయన మర్నాడే చెప్పాడు. ఎవరో తెలిసినవాళ్లు చూశారట సార్ అని. సరే చూద్దాం అన్నాడట. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. రోజూ పొద్దున లేచి చూసేదాన్ని, తెర అలాగే ఉండేది. చూడడం అలవాటైపోయింది. నాయిన డ్యూటీలో ఉన్నప్పుడు ఆ అంకెలు కదులుతుంటే ఆయన అక్కడ తిరుగుతున్నట్టే అనిపించేది.

ఏప్రిల్ మూడో వారం, ఒక మధ్యాహ్నం. నాయినది పొద్దున షిఫ్టు. పన్నెండున్నరకు ముసలిదాని కింద అంకె డెబ్బై దాటింది. దాని అలవాటు అరవై ఐదు. డెబ్బై నాలుగు. డెబ్బై ఎనిమిది. అంకె ఎర్రబడింది. నాయినకు ఫోను చేశాను. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరే పెట్టిస్తారని తెలిసీ చేశాను. కంట్రోల్ రూం నంబరు ఆయన ఫోనులోనే ఉంది, నా దగ్గర లేదు. ఎనభై ఒకటి. అమ్మ ఏమైందని అడుగుతోంది. తెర మీది అంకె చూపించాను. ఎనభై మూడు దగ్గర ఆగింది. ఆగి, చాలాసేపటికి ఎనభై రెండయింది.

మూడింటికి ఆయన ఇంటికొచ్చాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది.

"ఇయ్యాల జెర మొండికేసింది," అన్నాడు, కాళ్లు కడుక్కుంటూ. "స్పానర్ వంగిపోయింది."

ఆ సాయంత్రమే నేను ఉత్తరం రాశాను. కంపెనీ పెద్దాఫీసుకు, కాపీ ఢిల్లీలో ఇలాంటివి చూసే ప్రభుత్వ సంస్థకు. కెటిల్ నేర్పినట్టే రాశాను. ఏ రోజు, ఏ టైముకు, ఏం కనిపించింది, ఏమీ ముట్టుకోలేదు, ఇలా మూయవచ్చు. ఫొటోలు జోడించాను. కింద నా పూర్తి పేరు పెట్టాను. దాచుకోవాల్సిన పని చేయలేదు కదా అనుకున్నాను. అంతా అయ్యాక మళ్లీ చదువుకుంటే చప్పగా అనిపించింది. ఇది చదివి వాళ్లు కదులుతారా అనిపించింది. చివర ఇంకో వాక్యం చేర్చాను. ఆర్-204 చల్లనీళ్ల వాల్వు చాలాకాలంగా పట్టేస్తోంది, కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

భయంతోనే రాశాను. అది నిజం. కానీ ఆ వాక్యం చేరగానే ఉత్తరానికి బరువొచ్చిందని, తెలిసినవాళ్లు రాసినట్టుందని సంతోషపడిన మాట కూడా నిజం. మెయిల్లో పంపి, పడుకున్నాను.

మూడో రోజు పొద్దున లేచి చూస్తే తెర లేదు. ఎన్నిసార్లు వెతికినా రాలేదు. ఎగిరి గంతేశాను. కెటిల్‌కు చెప్పాను. ఆమె అందరి ముందు రాసింది, ఊరూ పేరూ లేకుండా. "ఒక కొత్త అమ్మాయి ఇవాళ ఒక తలుపు మూయించింది. రెండు నెలల కింద ఈమె పోర్టు అంటే ఏమిటని నన్ను అడిగింది." వందల మంది మెచ్చుకున్నారు. పోలండ్ ఆయన చప్పట్లు పెట్టాడు. నైరోబీ ఆమె, ఉద్యోగం కావాలంటే అడుగు, హైదరాబాద్‌లో తెలిసినవాళ్లున్నారని రాసింది.

నాయిన ఆ రోజు ఆలస్యంగా, ఐదింటికి వచ్చాడు. నేను ఆయన కాళ్లు కడుక్కునేదాకా కూడా ఆగలేదు. ఒక్కొక్కటీ తెలుగులో చదివి వినిపించాను. ఆయన నిలబడే విన్నాడు. అయ్యాక నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మంచిగైంది బిడ్డా," అన్నాడు. అన్నం ఆకలి లేదని పడుకున్నాడు.

మర్నాడు డ్యూటీకి పోలేదు. లీవులు మిగిలి ఉన్నాయన్నాడు. వారం తర్వాత, మానేశానన్నాడు. కాళ్లు నొప్పులు, ఇరవై ఆరేళ్లు చాలదా అన్నాడు. అమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"గింత మాట నాకు చెప్పకుండ ఎట్ల మానేస్తివి? నిన్నెవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమంటరు. నాకే అనిపించింది."

"నువ్వు అబద్ధం ఆడుతున్నవు."

"ఆడుతలేను," అని గోడవైపు తిరిగాడు.

నాకు అప్పుడైనా అర్థం కావాల్సింది. కాలేదు. కాళ్ల నొప్పులే అనుకున్నాను. రెండు వారాల్లోనే ఆయన సుల్తాన్‌పూర్‌లో మెడికల్ సామాను చేసే కొత్త ఫ్యాక్టరీ గేటు దగ్గర పనికి కుదిరాడు. కాళ్లు నొప్పులన్న మనిషి పన్నెండు గంటలు నిలబడే పనికి ఎందుకు పోయాడని కూడా నేను అడగలేదు. నైరోబీ ఆమె చెప్పిన కంపెనీవాళ్లు ఇంటర్వ్యూ పెడతామన్నారు. దానికి చదువుకుంటున్నాను.

మే నెలాఖరున శ్రీశైలం కాక బండి మీద వచ్చాడు. నాయిన డ్యూటీకి పోయాడు. కాక చేతిలో ఒక సంచి. లోపల నాయిన సేఫ్టీ బూట్లు, హెల్మెట్, ఒక స్టీలు గ్లాసు.

"లాకర్ ఖాళీ చేయించిన్రు. మీ నాయిన రాడని నేనే తెచ్చిన," అన్నాడు. అమ్మ నీళ్లిచ్చింది. ఆయన తాగి, లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"రుచితా, నువ్వు గా ఉత్తరంల వాల్వు సంగతి ఎందుకు రాసినవ్ బిడ్డా?"

నేను ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకున్నాను.

"తెర బయటికెళ్లి కనవడుతదంట. వాల్వు పట్టేసుడు బయటికెళ్లి కనవడదు గదా. లోపలోడు ఎవడో చెప్పిండని తెలిసిపోయింది. కింద నీ పేరున్నది, ఇంటిపేరున్నది. మీ నాయినను పిలిచిన్రు."

ఆ రోజు కామరాజు గదిలో కాంట్రాక్టరు కూడా కూర్చుని ఉన్నాడట. దారి తెరిచింది తను కాదని, బాలరాజే బిడ్డకు పాస్‌వర్డులిచ్చాడని ఆయన చెప్పాడట. బిడ్డ మీద సైబర్ కేసు పెడతామన్నారట. లేదంటే నువ్వే రాజీనామా రాయి అన్నారట.

"నేను గుమ్మం కాడనే ఉన్న," అన్నాడు కాక. "మీ నాయిన, నా బిడ్డకు ఏం ఎరుక లేదు సార్, నేనే సూడమన్న, నేనే రాయమన్న అన్నడు. అన్ని నెత్తిన ఏసుకున్నడు. ఆఖరికి ఒక్కటే అడిగిండు. నా బిడ్డ పేరు ఏ కాయితంల రావద్దు, గది రాసిస్తెనే సంతకం పెడ్త అన్నడు. రాసిచ్చిన్రు. పెట్టిండు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏ రోజు కాకా?" అని అడిగాను.

"తెర బంద్ చేసిన్రు సూడు, గా రోజే. నాలుగింటిదాక కూసోబెట్టిన్రు."

నేను చప్పట్లన్నీ తెలుగులో చదివి వినిపించిన రోజు.

కాక బండి దగ్గరికి పోతూ వెనక్కి తిరిగాడు. "వాల్వు మార్చిన్రు బిడ్డా. పోయిన వారం. కొత్తది ఏసిన్రు. మీ నాయినకు చెప్దమనుకున్న, నోరు రాలే."

కెటిల్‌కు రాశాను. ఏడుస్తూ రాశాను, ఇంగ్లీషు అంతా తప్పులే. ఎప్పుడూ గంటలో జవాబిచ్చే మనిషి రెండు రోజులు ఏమీ రాయలేదు. తర్వాత రాసింది. "ఎలా రాయాలో నీకు చెప్పాను. నీ పక్కన ఎవరున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. నన్ను క్షమించు." వకీళ్ల పేర్లు కొన్ని పంపింది. నేను వాటిని అలాగే ఉంచాను. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె రాయొద్దన్నదే నేను రాశాను.

ఇంటికొచ్చిన నాయినను అడగడానికి నాలుగు రోజులు ప్రయత్నించాను. ఆయన రాగానే స్నానం, అన్నం, నిద్ర. ఇదివరకులా పక్కన కూర్చుని నేను ఏం నేర్చుకున్నానో అడగడం లేదు. నేను లాప్‌టాప్ తెరిస్తే లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చునేవాడు. కోపంతో కాదు. తను అక్కడ ఉంటే నాకు ఇంకేదైనా నష్టం జరుగుతుందేమో అన్నట్టు ఉండేది ఆయన వరస.

జూన్ మొదటి వారంలో ఇంటర్వ్యూ అయింది. మీరు సొంతంగా కనిపెట్టిన లోపం ఒకటి చెప్పండని అడిగారు. ప్రాక్టీసు కోసం పెట్టిన ఒక సైటులో దొరికిన చిన్న లోపం చెప్పాను. ఇంకేమైనా ఉందా అన్నారు. లేదన్నాను. ఉద్యోగం వచ్చింది.

మెయిల్ వచ్చిన రోజు అమ్మ అన్నం గిన్నె కట్టి, "మీ నాయినకు నువ్వే పోయి చెప్పు," అంది. షేర్ ఆటోలు మారి సుల్తాన్‌పూర్ పోయేసరికి పన్నెండయింది. తొలకరి పడి ఆగినట్టుంది, తారురోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది. గేటు దగ్గర నాయిన. నీలం యూనిఫాం భుజాల దగ్గర వదులుగా, ఎవరిదో తొడుక్కున్నట్టు ఉంది. నన్ను చూసి ఒక అడుగు ముందుకేసి, వెనకాల కుర్చీలో సూపర్‌వైజరు ఉన్నాడని గుర్తొచ్చి ఆగాడు.

"గీ బుక్కుల పేరు రాయమ్మా," అని రిజిస్టరు ముందుకు జరిపాడు.

రాశాను. ఎవరిని కలవాలి అన్న చోట బాలరాజ్ అని రాశాను. నాయిన సంచి తెరిచి గిన్నె చూశాడు. ఫోను ఇమ్మన్నాడు. కెమెరా మీద ఎర్ర స్టిక్కరు అంటించి, గోటితో నాలుగు వైపులా గట్టిగా రుద్ది తిరిగి ఇచ్చాడు. అందరికీ అలాగే చేస్తాడట.

గోడ నీడన గిన్నె విప్పి పెట్టాను. ఉద్యోగం సంగతి చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. "ఎప్పుడు చేరాలె? బస్సు ఉంటదా? ఆడపిల్లలకు క్యాబ్ ఇస్తరా?" అని ఒకదాని వెంట ఒకటి అడిగాడు. అన్నింటికీ చెప్పాను.

"నాయినా, శ్రీశైలం కాక వచ్చిండు."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. మళ్లీ కలపసాగింది.

"నేను గా వాక్యం రాయకుంటే..."

"తిననియ్యి బిడ్డా," అన్నాడు మెల్లగా. "మళ్ల లారీ వస్తది."

తిన్నాడు. నేను ఆయన ముఖం చూడలేక చేతులనే చూస్తూ కూర్చున్నాను. పొగ, ఆయిలు లేని పని కదా, గోళ్లు తెల్లగా శుభ్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయన గోళ్లు అలా ఎప్పుడూ చూడలేదు.

హారన్ వినిపించింది. చెయ్యి కడుక్కుని పరుగున పోయి గేటు తీశాడు. లారీ కాదు, కారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. నాయిన మడమలు కలిపి, చెయ్యి నుదుటికి ఆనించి సెల్యూట్ కొట్టాడు. కారు లోపలికి పోయి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దింపలేదు.

రెండో గార్డు బిహార్ అబ్బాయి. రిజిస్టరులో నా టైము రాయించుకుంటూ నాయిననడిగాడు, అంకుల్, బేటీ క్యా కర్తీ హై, బిడ్డ ఏం చేస్తుంది అని.

నాయిన గేటు గొళ్లెం పెడుతూ నావైపు చూశాడు. ఎన్నో వారాల తర్వాత సరిగ్గా నా ముఖంలోకి చూడడం అదే. టోపీ సర్దుకున్నాడు.

"మేరీ బేటీ భీ సెక్యూరిటీమే హై," అన్నాడు, గర్వంగా నవ్వుతూ. "మేరే జైసా."